స్థలవాచక ఇంటిపేర్ల సాక్ష్యబలం: పాల్కురికి, బమ్మెర – ఆంగ్ల వంశనామాధ్యయన పద్ధతి వెలుగులో పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్యచరిత్రలో కవుల జన్మస్థలాలను నిర్ణయించడానికి ఇంటిపేరును ప్రధానసాక్ష్యంగా స్వీకరించే అలవాటు ఉంది. పాల్కురికి సోమనాథుడు, బమ్మెర పోతన విషయంలో సాగిన వాదాలు ఇందుకు ప్రసిద్ధోదాహరణలు. ఇంగ్లండులో వంశనామాల పుట్టుకను, వ్యాప్తిని అధ్యయనం చేసినవారు స్థలవాచక నామం గురించి కొన్ని జాగ్రత్తలు చెప్పారు. ఆ జాగ్రత్తలను తెలుగు ఇంటిపేర్లకు అన్వయిస్తే, ఇంటిపేరు చెప్పగలిగేదేమిటో, చెప్పలేనిదేమిటో తేటపడుతుంది. స్థలవాచక ఇంటిపేరు సాధారణంగా వంశమూలాన్ని సూచిస్తుందే గాని వ్యక్తి నివాసాన్ని నిరూపించదని, పోతన విషయంలో ఇంటిపేరు కన్న కావ్యావతారికలోని ‘ఏకశిలానగర’ ప్రస్తావన బలమైన ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇంటిపేరు, వంశనామం, స్థలవాచకం, ఔపవిభక్తికం, పాల్కురికి, బమ్మెర, ఏకశిలానగరం, సాహిత్యచరిత్ర.

1. ప్రస్తావన

నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలం 2016 వరకు వరంగల్లు జిల్లాలో భాగం. తెలుగు సాహిత్యచరిత్రలో ఇంత చిన్న పరిధిలో ఇంత పెద్ద పేర్లు కలిసిన చోటు మరొకటి అరుదు. పాలకుర్తి పేరు సోమనాథునితో, అదే మండలంలోని బమ్మెర పేరు పోతనతో ముడిపడి ఉన్నాయి. ఈ రెండు సంబంధాలకూ మొదటి ఆధారం ఇంటిపేరే. ఇద్దరి విషయంలోనూ ఎదుటి పక్షాలున్నాయి. సోమనాథుని కర్ణాటకకు చెందినవానిగా భావించినవారు తుమకూరు ప్రాంతంలోని హాల్కురికెను చూపించారు. పోతనను కడప జిల్లా ఒంటిమిట్టకు చెందినవానిగా భావించినవారు ఏకశిలానగరమంటే ఒంటిమిట్టయేనన్నారు.

2014లో రాష్ట్రవిభజన జరిగిన తరువాత ఈ వాదాలకు కొత్త ఉద్వేగం తోడైంది. భద్రాచలం తెలంగాణలో ఉండగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామకల్యాణాన్ని అధికారికంగా ఒంటిమిట్టలో జరిపించసాగింది. ఇటు బమ్మెరకూ ప్రభుత్వ గుర్తింపు పెరిగింది. కవి ఎవరివాడన్న ప్రశ్న పరిశోధకుల చేతిలోనుంచి వేదికల మీదికి చేరింది. ఇటువంటి సమయంలో విమర్శకుడు చేయవలసిన పని ఒక పక్షాన్ని గట్టిగా సమర్థించడం కాదు. ఆధారాల బరువును తూచడం. వరంగల్లు ప్రాంతంలో పనిచేసే పరిశోధకులకు ఈ బాధ్యత మరింత ఎక్కువ. మనకు ఇష్టమైన నిర్ణయానికి దారితీసే ఆధారాన్నే మనం ముందుగా పరీక్షించుకోవాలి.

2. ఆంగ్ల వంశనామం: పుట్టుక, స్థిరీకరణ

ఇంగ్లండులో వంశపారంపర్య నామాలు 1066లో నార్మనులు ఆ దేశాన్ని జయించిన తరువాత క్రమంగా స్థిరపడ్డాయి. ముందుగా భూస్వామ్య కుటుంబాలలో, ఆ తరువాత పట్టణవాసులలో, చివరికి సామాన్య ప్రజలలో అవి వ్యాపించాయి. 14వ శతాబ్ది ముగిసేనాటికి ఇంగ్లండులో అధికసంఖ్యాకులకు వంశనామం ఉంది. 1377, 1379, 1381 సంవత్సరాలలో విధించిన తలపన్నుకు సంబంధించిన పట్టికలు ఈ పరిణామాన్ని గమనించడానికి నేటికీ ప్రధానాధారాలు. పి. హెచ్. రీనీ 1958లో ప్రకటించిన బ్రిటిష్ వంశనామ నిఘంటువు ఇటువంటి పాత పత్రాలలోని రూపాలను కాలక్రమంలో చూపి వ్యుత్పత్తిని నిర్ణయించే పద్ధతిని స్థిరపరచింది.

ఆంగ్ల వంశనామాలను స్థూలంగా నాలుగు విధాలుగా విభజిస్తారు. వృత్తిని తెలిపేవి మొదటివి. కమ్మరి అని అర్థమిచ్చే స్మిత్ వంటివి. తండ్రి పేరును తెలిపేవి రెండవవి. జాన్ కుమారుడు అని అర్థమిచ్చే జాన్సన్ వంటివి. రూపాన్నో స్వభావాన్నో తెలిపేవి మూడవవి. వేమనను ముద్రించి తెలుగువారికి ఆప్తుడైన సి. పి. బ్రౌన్ ఇంటిపేరు ఈ విభాగానికి చెందుతుంది. జుట్టు రంగునో మేనిఛాయనో బట్టి పూర్వం ఎవరికో పడిన పేరు అది. స్థలాన్ని తెలిపేవి నాలుగవవి.

నాలుగవ విభాగానికి మనకు పరిచితమైన ఉదాహరణ కాటన్. గోదావరి మీద ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్ ఇంటిపేరుకు పత్తితో సంబంధం లేదు. ప్రాచీనాంగ్లంలో గుడిసెను తెలిపే పదానికి ‘గుడిసెల వద్ద’ అన్న అర్థంలో ఉండిన విభక్తిరూపం నుంచి కొన్ని ఊళ్లకు కాటన్, కోటన్ వంటి పేర్లు ఏర్పడ్డాయి. ఆ ఊళ్లనుంచి వచ్చినవారికి అవే వంశనామాలయ్యాయి. ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, నేటి రూపాన్ని చూసి చెప్పే అర్థం తప్పు కావచ్చు. రెండవది, ఒకే పేరుగల ఊళ్లు అనేకం ఉన్నప్పుడు ఇంటిపేరు ఏ ఊరినుంచి వచ్చిందో ఆ పేరొక్కటే చెప్పలేదు.

స్థలవాచక వంశనామాల విషయంలో మరొక ముఖ్యమైన సూత్రం ఉంది. ఒక మనిషిని ఊరిపేరుతో గుర్తించవలసిన అవసరం ఆ ఊళ్లో ఉన్నంతకాలం కలగదు. యార్క్ నగరంలో అందరూ యార్క్ వారే కనుక ఆ పేరు ఎవరినీ ప్రత్యేకించి చూపదు. ఆ నగరం విడిచి మరొక చోట స్థిరపడినవానికే అది గుర్తు అవుతుంది. అందుచేత స్థలవాచక వంశనామం తరచుగా ఒక వలసకు సాక్ష్యం. దీనికి మినహాయింపు లేకపోలేదు. ఊరిమీద హక్కుగల భూస్వామి అక్కడే ఉంటూ కూడా ఆ ఊరిపేరును ధరించేవాడు. కనుక ఈ సూత్రాన్ని నియమంగా కాక, మొగ్గుగా గ్రహించాలి.

3. తెలుగు ఇంటిపేరు: వ్యాకరణం చెప్పే సాక్ష్యం

తెలుగు ఇంటిపేర్లలోనూ వృత్తులు, పూర్వుల పేర్లు, బిరుదులు, వస్తువులు, చెట్లు కనిపిస్తాయి. అయినా ఊళ్లపేర్లనుంచి వచ్చినవి చాలా విస్తారం. వీటిని గుర్తించడానికి తెలుగు వ్యాకరణం మనకు ఒక సౌకర్యాన్ని ఇచ్చింది. ఊరిపేరు ఇంటిపేరుగా మారేటప్పుడు ఔపవిభక్తిక రూపాన్ని పొందుతుంది. గార్లపాడు గార్లపాటి అవుతుంది. ఆతుకూరు ఆతుకూరి అవుతుంది. ‘ఆ ఊరికి చెందిన’ అన్న షష్ఠ్యర్థం ఆ రూపంలోనే నిక్షిప్తమై ఉంటుంది.

ఆంగ్లంలో ఈ పనిని పూర్వం ‘యొక్క’, ‘వద్ద’ అని అర్థమిచ్చే చిన్న పదాలు చేసేవి. కాలక్రమంలో అవి చాలా పేర్లనుంచి జారిపోయాయి. ‘అడవి వద్ద’ అని అర్థమిచ్చే ఎట్‌వుడ్ వంటి కొన్నింటిలో మాత్రం కలిసిపోయి మిగిలాయి. తెలుగులో ఆ సంబంధం ప్రత్యయం లోపలే ఉండడంవల్ల జారిపోలేదు. ఐతే ఊరిపేరు అకారంతోనో ఇకారంతోనో అంతమైనప్పుడు ఈ మార్పు పైకి కనబడదు. బమ్మెర, పెండ్యాల, తరిగొండ, తెనాలి వంటివి ఊరిపేరుగాను ఇంటిపేరుగాను ఒకే రూపంలో ఉంటాయి. మన చర్చకు కేంద్రమైన బమ్మెర ఇటువంటి పదం కావడంచేత, దాని రూపం మనకు అదనంగా ఏమీ చెప్పదు.

4. ఇంటిపేరా, ఊరి గుర్తా?

కవి పేరుకు ముందున్న ఊరిపేరు ప్రతిసారీ ఇంటిపేరు కాదు. తరిగొండ వెంగమాంబ విషయంలో తరిగొండ ఆమె పుట్టిన ఊరు. ఆమె పుట్టింటివారి ఇంటిపేరు కానాల. తెనాలి రామకృష్ణుని ఇంటిపేరు గార్లపాటి అని సంప్రదాయం. ఈ ఇద్దరి పేర్లలోని ఊళ్లు లోకం వారిని గుర్తించడానికి పెట్టుకున్న గుర్తులు. ఇటువంటి గుర్తు వ్యక్తి నివాసానికి దగ్గరి సాక్ష్యం.

వంశపారంపర్యమైన ఇంటిపేరు అలా కాదు. అది ఎన్ని తరాల కిందటిదో పేరు చెప్పదు. మొల్ల ఇందుకు చక్కని నిదర్శనం. ఆమె రామాయణగద్యలో తాను ఆతుకూరి కేసన తనయనని ఉంది. అదే కావ్యంలో తనకు కవిత్వం గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని అనుగ్రహంవల్ల అబ్బిందని చెప్పుకున్నది. ఇంటిపేరు ఒక ఊరిని చూపుతున్నది; జీవితం, భక్తి మరొక ఊరిని చూపుతున్నాయి. గోపవరం మాట ఆమె చెప్పకుండా ఉండి ఉంటే, సాహిత్యచరిత్రకారులు ఆమెను ఆతుకూరులోనే పుట్టించి ఉండేవారనడంలో అత్యుక్తి లేదు.

కనుక కవి పేరుకు ముందున్న స్థలనామాన్ని గురించి అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఆ ఊరు ఎక్కడ?’ అన్నది కాదు. ‘అది వ్యక్తికి వచ్చిన గుర్తా, వంశానికి వచ్చిన పేరా?’ అన్నది. ఈ ప్రశ్న వేయకుండానే రెండవదానికి జవాబు వెదకడం మన జన్మస్థల వాదాలలో తరచుగా కనిపించే లోపం.

5. పాల్కురికి: ధ్వనిసామ్యం హద్దులు

బ్రౌన్ 1840లో జంగములను గురించి ప్రకటించిన వ్యాసంతో బసవపురాణం ఆధునిక పండితుల దృష్టికి వచ్చింది. ఆ తరువాత సోమనాథుని దేశమేదన్న ప్రశ్న తలెత్తింది. హాల్కురికె పక్షానికి ఒక ధ్వనిశాస్త్రాధారం ఉంది. ప్రాచీన కన్నడంలోని పదాది పకారం తరువాతి కాలంలో హకారంగా మారింది. మన ‘పాలు’ వారి ‘హాలు’ అయింది. ఆ సూత్రం ప్రకారం పాల్కురికె హాల్కురికె కావడం సహజమే.

నిష్పక్షపాతంగా చూస్తే కేవలం ధ్వనిసామ్యంలో హాల్కురికెయే పాల్కురికికి దగ్గర. కురికి కుర్తిగా మారడానికి అటువంటి క్రమబద్ధమైన ధ్వనిసూత్రం చూపడం కష్టం. కల్వకుర్తి వంటి పేర్లలో కుర్తి అన్న ఉత్తరపదం ప్రసిద్ధంగా ఉండడంచేత, దాని సాదృశ్యంవల్ల పాలకుర్తి రూపం ఏర్పడిందని భావించవచ్చు. ఇది సంభావ్యమే కాని ధ్వనిసూత్రమంత బలమైనది కాదు.

అయినప్పటికీ సోమనాథుని ఓరుగల్లు సీమకు చెందినవానిగా గ్రహించడం సమంజసమే. అందుకు కారణం పేరు కాదు. ఆయన ప్రధానకృతులు జానుతెనుగును ఆదర్శంగా ప్రకటించి, ద్విపదను ఉద్యమ వాహికగా చేసుకున్నాయి. ఆ రచనలు ఉద్దేశించిన శ్రోతలు తెలుగువారు. పద్యబసవపురాణం రచించిన పిడుపర్తి సోమన కాలానికి బసవపురాణ పఠనాన్ని ఓరుగల్లు కాకతీయ ప్రభువుతో ముడిపెట్టే కథ ప్రచారంలో ఉంది. పాలకుర్తి సోమేశ్వరాలయం చుట్టూ నేటికీ నిలిచిన శైవసంప్రదాయం దానికి తోడు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నిర్ణాయకం కాదు. అన్నీ ఒక దిక్కునే చూపడం గమనార్హం. పేరు ఈ ఆధారాల సముదాయంలో ఒకటిగా నిలుస్తుంది. అన్నింటికీ పునాదిగా పెడితే మాత్రం ఆ పునాది మీద హాల్కురికె వాదమే బలంగా కనిపిస్తుంది.

6. బమ్మెర: ఇంటిపేరు, ఏకశిలానగరం

పోతన భాగవతంలో స్కంధాంత గద్యలు కవిని కేసనమంత్రి పుత్రునిగా, సహజపాండిత్యునిగా, పోతనామాత్యునిగా పేర్కొంటాయి. వాటిలో బమ్మెర మాట లేదు. నరాంకితాన్ని తిరస్కరించి కావ్యాన్ని శ్రీహరికి అర్పించిన ప్రసిద్ధ పద్యంలో మాత్రం కవి తన్ను బమ్మెర పోతరాజుగా చెప్పుకున్నాడు. ఆ పద్యం ప్రతి తెలుగువాడి నోటా ఉండడంవల్ల బమ్మెర అన్న పేరు పోతనకు విడదీయరాని భాగమైంది. ఆ పేరును ఆధారంగా చేసుకొని, పోతన బమ్మెరలో పుట్టి, అక్కడే సేద్యం చేస్తూ భాగవతం రచించాడన్న నిర్ణయం వాడుకలోకి వచ్చింది. నాగలి పట్టిన కవిగా ఆయన మూర్తి మన మనసులలో స్థిరపడింది.

అవతారికలోని వృత్తాంతం వేరొక చోటును చూపుతున్నది. చంద్రగ్రహణ సమయంలో గంగాతీరంలో రామభద్రుడు సాక్షాత్కరించి భాగవతాన్ని తెలుగు చేయమని ఆదేశించిన తరువాత, కవి ఏకశిలానగరానికి వచ్చినట్లు, అక్కడ గురువుల, వృద్ధుల, పండితుల, బంధువుల అనుమతి పొందినట్లు చెప్పుకున్నాడు. ఇది కవి స్వయంగా చెప్పిన మాట. ఇందులో ఊరు ఉంది. ఆ ఊళ్లో ఆయన గురువులు, బంధువులు ఉన్నారు. జన్మస్థలమని స్పష్టంగా చెప్పకపోయినా, కావ్యరచనాకాలపు నివాసాన్ని నిర్ణయించడానికి ఇంతకన్న సూటి ఆధారం లేదు.

ఏకశిలానగరం ఏది? ఓరుగల్లు, ఒంటిమిట్ట అన్న రెండు పేర్లలోనూ ‘ఒకటి’ అన్న అర్థం ఉంది. ఒకదానిలో కల్లు, రెండవదానిలో మిట్ట. వ్యుత్పత్తిని బట్టి రెండింటినీ ఏకశిలగా సంస్కృతీకరించవచ్చు. కేవలం అర్థసామ్యంతో వాదిస్తే ఈ వివాదానికి ముగింపు ఉండదు. ఇక్కడ ఆంగ్ల వంశనామాధ్యయనం నేర్పే పద్ధతి ఉపకరిస్తుంది. పేరుకు ఏ అర్థం పొసగుతుందన్నది కాక, ఏ కాలపు పత్రంలో ఆ పేరు ఏ చోటుకు వాడబడిందన్నది చూడాలి. కాకతీయ ప్రతాపరుద్రుని ఆశ్రయంలోని విద్యానాథుడు తన అలంకారశాస్త్ర గ్రంథంలో రాజధానిని ఏకశిలా నామంతో వ్యవహరించాడు. అంటే పోతనకు శతాబ్దానికి పైగా పూర్వమే ఓరుగల్లుకు ఆ సంస్కృతనామం సాహిత్యవ్యవహారంలో స్థిరపడింది. ఒంటిమిట్టకు ఆ పేరు పోతనకు ముందే ఉన్నట్లు చూపవలసిన భారం ఆ పక్షం మీద ఉంది.

ఇప్పుడు ఇంటిపేరును, నివాసాన్ని పక్కపక్కన ఉంచి చూద్దాం. కవి నివాసం ఓరుగల్లు; ఇంటిపేరు ఓరుగల్లు సీమలోని బమ్మెర. స్థలవాచక నామాల సామాన్యసూత్రానికి ఇది సరిగ్గా సరిపోతుంది. బమ్మెర నుంచి నగరానికి వచ్చి స్థిరపడిన కుటుంబానికే, నగరంలోని ఇతరులనుంచి వేరుచేసి చూపడానికి, బమ్మెరవారు అన్న పేరు అవసరమవుతుంది. గద్యలలోని మంత్రి, అమాత్య శబ్దాలు కూడా లౌకికోద్యోగాలతో సంబంధమున్న కుటుంబాన్ని తలపిస్తాయి. అటువంటి కుటుంబం నగరానికి చేరడం ఆశ్చర్యం కాదు. ఈ ఊహ ప్రకారం బమ్మెర పోతన వంశమూలం. ఓరుగల్లు ఆయన కార్యక్షేత్రం. బమ్మెర, ఓరుగల్లు అన్న రెండు ఆధారాలు పరస్పరం పోటీపడవు. ఒకదానిని ఒకటి వివరిస్తాయి.

7. ప్రత్యుదాహరణలు

ఈ ఊహకు ఎదురుగా నిలిచే ఉదాహరణలను విడిచిపెట్టడం న్యాయం కాదు. విప్లవకవి పెండ్యాల వరవరరావు పుట్టిన ఊరు ఇదే సీమలోని చిన్నపెండ్యాల. ఇంటిపేరు, జన్మస్థలం ఇక్కడ ఒకటే. గ్రామంలో భూమితోనో, వృత్తితోనో, ఉద్యోగంతోనో స్థిరమైన సంబంధమున్న కుటుంబాలు ఊరు విడవకుండానే ఆ ఊరిపేరును ధరించవచ్చు. ఊరు విడిచినవారి సంతతి తిరిగి రావచ్చు. ఇంగ్లండులో భూస్వాముల విషయంలో చెప్పిన మినహాయింపు ఇటువంటిదే. కనుక పోతన బమ్మెరలో నివసించలేదని ఇంటిపేరును బట్టి నిరూపించడం కూడా సాధ్యం కాదు. మన ప్రతిపాదన అంతవరకు పోదు. నివాసాన్ని నిరూపించే శక్తి ఇంటిపేరుకు లేదన్నదే దాని పరిమితి.

భాగవతాన్ని పూరించిన కవుల ఇంటిపేర్లు కూడా ఇదే పాఠం చెబుతాయి. పంచమస్కంధం రచించిన బొప్పరాజు గంగన ఇంటిపేరు వ్యక్తినామం. అది ఏ ఊరినీ చూపదు. షష్ఠస్కంధకర్త ఏర్చూరి సింగన ఇంటిపేరు ఔపవిభక్తికరూపం. దానిని సాధారణంగా కోస్తాలోని ఏల్చూరుతో అన్వయిస్తారు. ఏకాదశ ద్వాదశస్కంధాలు రచించిన వెలిగందల నారయ ఇంటిపేరును కరీంనగర్ దగ్గరి ఏలగందులతోనూ అన్వయించవచ్చు, ప్రకాశం జిల్లా వెలిగండ్లతోనూ అన్వయించవచ్చు. ఇది అచ్చంగా కాటన్ సమస్యయే. నారయ పోతన శిష్యుడన్న ప్రసిద్ధి ఉండడంచేత మనవారు ఏలగందులను ఎన్నుకుంటారు. పోతన తెలంగాణవాడు కనుక నారయది ఏలగందుల. నారయది ఏలగందుల కనుక పోతన తెలంగాణవాడు అన్నట్లు ఈ తర్కం చుట్టూ తిరిగి మొదటికి వస్తుంది. ఇటువంటి చక్రకవాదం మన సిద్ధాంతగ్రంథాలలో చోటు చేసుకోకుండా చూడడం పర్యవేక్షకుల విధి.

8. ఆధునికకాలం: పేరు స్వభావంలో మార్పు

ఇంటిపేరు ఎప్పటికీ మారని గుర్తు అన్న భావన కూడా పునఃపరిశీలింపదగినదే. పాలకుర్తి మండలానికే చెందిన వావిలాలలో పుట్టిన నవలాకారుడు దొంగరి మల్లయ్య సాహిత్యలోకంలో నవీన్ అయ్యాడు. 1969లో వెలువడిన నవల పేరు ఆయనకు ఇంటిపేరుగా నిలిచి అంపశయ్య నవీన్ అయ్యాడు. వ్యక్తినామాన్నే మరుగుపరచి ఇంటిపేరు కవినామమైన ఉదాహరణలు కాళోజీ, దాశరథి. పోతనను పోతన అనే పిలిచే జాతి, నారాయణరావును కాళోజీ అని పిలిచింది. వంశపరిచయానికి పుట్టిన పదం ఒక ధిక్కారస్వరానికి సంకేతమైంది.

శతాబ్దాల తరువాతి పరిశోధకుడు అంపశయ్య అనే ఊరును వెదుకుతాడని ఊహించుకుంటే హాస్యంగా తోస్తుంది. మన చేతిలో ఉన్న ఆధారాలు నశిస్తే ఆ పొరపాటు అసాధ్యం కాదు. ప్రాచీనకవుల ఇంటిపేర్ల విషయంలో మనం అటువంటి దూరం నుంచే చూస్తున్నామని గుర్తుంచుకోవాలి. ఇంటిపేరును బట్టి ఊరిని మాత్రమే కాక కులాన్ని కూడా వెంటనే నిర్ణయించే అలవాటు సమకాలీన విమర్శలో ఉంది. ఒకే ఊరినుంచి వెళ్లిన వేర్వేరు కులాలవారికి ఒకే ఇంటిపేరు రావడం సహజం కనుక, ఆ నిర్ణయానికీ ఇదే జాగ్రత్త అవసరం.

9. ముగింపు

పై పరిశీలన ఆధారంగా స్థలవాచక ఇంటిపేరును సాహిత్యచరిత్రలో వినియోగించేటప్పుడు పాటించవలసిన నాలుగు అంశాలను సూచించవచ్చు.

మొదటిది, కవి పేరుకు ముందున్న స్థలనామం వ్యక్తికి వచ్చిన గుర్తో, వంశపారంపర్యమైన ఇంటిపేరో ముందుగా తేల్చుకోవాలి. రెండవది, లభ్యమైన పాత రూపాన్ని వ్యాకరణదృష్టితో పరీక్షించి, ఆ పేరుగల ఊళ్లన్నింటినీ పరిగణించాలి. మూడవది, ఇంటిపేరు చూపే ఊరిని వంశమూలంగా గ్రహించి, నివాసాన్ని కృతిలోని స్వీయకథనం, శాసనాలు, సమకాలీన వ్యవహారం వంటి వేరే ఆధారాలతో నిర్ణయించాలి. నాలుగవది, ఒక కవి ఇంటిపేరును మరొక కవి స్థలనిర్ణయానికి, దానిని తిరిగి మొదటివాని స్థలనిర్ణయానికి వినియోగించరాదు.

ఈ పద్ధతిని అనుసరిస్తే సోమనాథుని విషయంలోనూ పోతన విషయంలోనూ ఓరుగల్లు సీమకున్న హక్కు తగ్గదు. దాని ఆధారం మాత్రం మారుతుంది. సోమనాథుని విషయంలో ధ్వనిసామ్యం నుంచి భాషా సంప్రదాయాల సముదాయానికి, పోతన విషయంలో ఇంటిపేరు నుంచి ఏకశిలానగర ప్రస్తావనకు వాదబలం చేరుతుంది. పొలంలో నాగలి పట్టిన పోతన మూర్తిని జనసంప్రదాయం కాపాడుకుంటూనే ఉంటుంది. ఆ మూర్తికి ఉన్న విలువ వేరు. సాహిత్యచరిత్రకారుడు మాత్రం కవి స్వయంగా తాను వచ్చి చేరానని చెప్పిన నగరాన్ని, అక్కడ తనకు అనుమతినిచ్చిన గురువులను, పండితులను లెక్కలోకి తీసుకోక తప్పదు. కాకతీయ సామ్రాజ్యం పతనమైన వంద సంవత్సరాల తరువాత ఓరుగల్లులో భాగవతం వంటి కావ్యానికి అనుమతినివ్వగల విద్వత్సమాజం ఉన్నదంటే, ఆ సమాజాన్ని గురించి మనం చేయవలసిన పరిశోధన ఇంకా చాలా మిగిలి ఉంది.